ఇసుకలో హ్యాండిల్‌కు ఊపుకళ్లెం

తారు రోడ్డు మీద రెండు వేళ్లతో తిరిగే మోటారుసైకిల్ హ్యాండిల్ ఇసుకలోకి దిగేసరికి రెండు చేతులతో పట్టుకున్నా ఎందుకు నిలవదు, పైగా ఎంత బిగించి పట్టుకుంటే అంత ఎక్కువగా ఎందుకు కొట్టుకుంటుంది అన్న ప్రశ్న నెల్లూరు తీరాన బండి నడిపేవారికి ఏదో ఒక రోజు ఎదురవుతూనే ఉంటుంది. మైపాడు, కోడూరు, రామతీర్థం, పేరులోనే ఇసుకను పెట్టుకున్న ఇసకపల్లి వంటి చోట్ల సరుగుడు తోటలు దాటాక అలల దాకా ఉన్నదంతా ఇసుకే. చేపల గంప కట్టిన టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్ అయినా, మట్టిదారుల కోసం 21 అంగుళాల ముందు చక్రంతో తయారైన హీరో ఎక్స్‌పల్స్ అయినా ఆ ఇసుకలో పడే ఇబ్బంది ఒక్కటే. దీనికి విరుగుడుగా బజారులో విడిగా దొరికే స్టీరింగ్ డంపర్ అనే చిన్న పరికరాన్ని ఎడారి పందేల బండ్లకు చాలాకాలంగా బిగిస్తున్నారు, ఇప్పుడు మామూలు డర్ట్ బైకులకు కూడా కొందరు బిగించుకుంటున్నారు. అరచేతిలో ఇమిడే ఈ లోహపు డబ్బాలో మోటారు ఉండదు, దానికి కరెంటు అక్కర్లేదు. కాస్త నూనె, ఒక రెక్క, ఒకటి రెండు సన్నని దారులు మాత్రమే ఉంటాయి. ఇంత కొద్ది సరంజామాతో నూటయాభై కిలోలు దాటిన బండి హ్యాండిల్ ఎలా అదుపులోకి వస్తుందో తెలియాలంటే ముందుగా ఆ హ్యాండిల్ ఎందుకు ఊగుతుందో తెలియాలి.

ముందు చక్రం వెనకే నడుస్తుంది

ఆసుపత్రిలో స్ట్రెచర్ చక్రాన్ని గాని, పెద్ద దుకాణాల్లో సరుకులు వేసుకునే ట్రాలీ ముందు చక్రాన్ని గాని వంగి చూస్తే, అది తనను పట్టి ఉంచిన నిలువు ఇరుసుకు సరిగ్గా కింద కాకుండా కొంచెం వెనక్కి జరిగి ఉండటం కనిపిస్తుంది. ట్రాలీని ఎటు తోస్తే అటు ఆ ఇరుసు ముందుగా పోతుంది, చక్రం తాడు కట్టిన దూడలా దాని వెనకే తిరిగి సర్దుకుంటుంది. మోటారుసైకిల్ ముందు చక్రం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు వెంట ఒక గీతను ఊహించి నేలదాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటికి కొంత ముందుగా నేలను తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని బండ్లు తయారు చేసేవారు ట్రెయిల్ అంటారు. తెలుగులో దానిని వెనుక ఎడం అనుకోవచ్చు. డర్ట్ బైకుల్లో ఇది సాధారణంగా 100 నుంచి 120 మిల్లీమీటర్లు, అంటే సుమారు జానెడులో సగం ఉంటుంది. చేతులు వదిలేసినా బండి కొంతదూరం తిన్నగా పోవడంలో ఈ సగం జానెడుకు పెద్ద పాత్రే ఉంది.

అయితే తనంతట తాను సర్దుకునే ఈ గుణంలోనే ఒక చిక్కు దాగి ఉంది. రాయి తగిలి చక్రం కుడికి తిరిగిందనుకుంటే, వెనుక ఎడం దానిని మధ్యకు లాగుతుంది. కానీ మధ్యకు చేరేసరికి చక్రానికి వేగం వచ్చేసి ఉంటుంది కనుక అక్కడ ఆగలేక ఎడమకు పోతుంది, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. ఊయలను ఒకసారి తోసి వదిలేస్తే జరిగేది కూడా ఇదే. ఒక్కొక్క ఊపూ ముందటి దానికన్నా చిన్నదైతే కొద్దిసేపట్లో అంతా సద్దుమణుగుతుంది, దానినే భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు అవరుద్ధ డోలనం అంటాయి. కొన్ని వేగాల దగ్గర, కొన్ని నేలల మీద ఊపు చిన్నది కాకపోగా పెద్దదవుతూ పోతుంది, మెకానిక్కులు వొబ్లింగ్ అనేది దానినే. ట్రాలీని ఖాళీగా వేగంగా తోసినప్పుడు దాని ముందు చక్రం పటపటా కొట్టుకోవడం దీనికి చిన్న ఉదాహరణ. చిన్న విమానాలు నేల మీద పరుగెత్తేటప్పుడు వాటి ముక్కు చక్రానికి కూడా ఇదే జబ్బు వస్తుంది, అందుకే సెస్నా 172 వంటి విమానాల ముక్కు చక్రానికి తయారీలోనే డంపర్ అమర్చుతారు.

ఈ ఊపును చేతులతో ఆపవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే సందేహం. మోటారుసైకిళ్లలో ఇటువంటి వణుకు సెకనుకు సుమారు 6 నుంచి 10 సార్లు వస్తుంది. ఎనిమిది సార్లు అనుకుంటే ఒక్కొక్క ఊపుకు పట్టే కాలం సెకనులో ఎనిమిదో వంతు. హ్యాండిల్ తిరిగిందని చేతికి తెలిసి, ఆ కబురు మెదడుకు చేరి, అక్కడి నుంచి ఆజ్ఞ వచ్చి కండరం కదలడానికి సుమారు సెకనులో ఐదో వంతు కావాలి. అంటే మనిషి ఆపడానికి తోసే వేళకు హ్యాండిల్ ఒకటిన్నర ఊపులు దాటిపోయి, అతడు అనుకున్న దిక్కుకు ఎదురు దిక్కులో ఉంటుంది. ఆపాలని చేసిన తోపు ఊయల ఎక్కిన పిల్లవాడికి వెనకనుంచి అందించిన ఊపు లాగా దానికి మరింత బలమిస్తుంది. బిగించి పట్టుకున్నప్పుడు మరొకటి కూడా జరుగుతుంది. బిగుసుకున్న చేతులు మొండాన్ని హ్యాండిల్‌కు కట్టేసినట్టు చేస్తాయి కనుక, కుదుపుకు ఒళ్లు ఊగిన ప్రతిసారీ ఆ ఊగు కూడా హ్యాండిల్‌లోకే దిగుతుంది. అనుభవం ఉన్న నడిపేవారు చేతులు వదులుగా ఉంచి, మోకాళ్లతో టాంకును నొక్కిపట్టి, ఒంటి బరువును కాళ్ల మీదికి తీసుకోవడంలోని రహస్యం ఇదే. చేతుల బలం ఎంత ఉన్నా ఆ సెకనులో ఐదో వంతును తగ్గించుకోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ఆలోచించకుండానే వెంటనే ఎదురు నిలిచే మరొక వస్తువు హ్యాండిల్ దగ్గర ఉండవలసి వస్తుంది.

ఇసుక ఏం చేస్తుంది

గట్టి నేల మీద టైరు నేలను తాకే చోటు ఇరుసు గీతకు ఎప్పుడూ వెనకే ఉంటుంది కాబట్టి, నేల తోపు చక్రాన్ని మధ్యకు సర్దుతుంది. మెత్తటి ఇసుకలో ఈ లెక్క తలకిందులవుతుంది. 21 అంగుళాల ముందు చక్రానికి టైరు కూడా కలిపితే నడుమ నుంచి అంచు వరకు సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. అది ఇసుకలో 5 సెంటీమీటర్లు దిగిందంటే, ఇసుకను తాకే భాగం చక్రం నడిమి భాగానికి సుమారు 18 సెంటీమీటర్లు ముందుదాకా వ్యాపిస్తుంది. ఇరుసు గీత నేలను తాకే చోటు మాత్రం 11 సెంటీమీటర్లే ముందుంది. అంటే టైరులో కొంత భాగం ఇప్పుడు ఇరుసు కన్నా ముందుకు పోయి ఇసుకను దున్నుతోంది. నాగలి కర్రు ఒక పక్కకు ఒరిగితే మట్టి దానిని ఆ పక్కకే ఇంకా నెట్టినట్టు, ఆ ముందు భాగం మీద పడే తోపు చక్రాన్ని మధ్యకు తేవడానికి బదులు మరింత పక్కకు తిప్పుతుంది. గట్టి నేల మీద కాపాడుతూ వచ్చిన సగం జానెడు ఎడం ఇసుకలో కరిగిపోయిందన్నమాట.

ఇసుకలో బండి నడిపేవారు ఒంటిని వెనక్కి వాల్చి, ముందు చక్రం తేలికయ్యేలా యాక్సిలరేటర్ ఇస్తూ పోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ముందు బరువు తగ్గితే చక్రం తక్కువ లోతు దిగుతుంది, దున్నే భాగం తగ్గుతుంది. భయపడి యాక్సిలరేటర్ వదిలేసినా, ముందు బ్రేకు పట్టినా బరువంతా ముందుకు వచ్చి చక్రం కూరుకుపోతుంది, హ్యాండిల్ ఒక్కసారిగా ఒక పక్కకు పడుకుంటుంది. రేవు నుంచి వెనక చేపల గంపలతో వచ్చే మోపెడ్ విషయంలో ఇదే న్యాయం రెండు రకాలుగా పనిచేస్తుంది. వెనక బరువు వల్ల ముందు చక్రం తేలికై ఇసుకలో అంతగా దిగదు, కానీ గట్టి రోడ్డెక్కి వేగం పెంచాక ఆ తేలికైన ముందు చక్రమే వణకడం మొదలుపెడుతుంది.

తీరంలో అంతటా ఇసుక ఒకే తీరున ఉండదు. అల తాకి వెనక్కి పోయిన పట్టీలో రేణువుల మధ్య పలచని నీటి పొర ఉండి, వాటిని ఒకదానికొకటి లాగిపట్టి ఉంచుతుంది. పిల్లలు కట్టే ఇసుక గుళ్లు ఆరేదాకా నిలిచి ఉండేది ఆ పొర వల్లనే. ఇసుక పూర్తిగా ఎండినా, పూర్తిగా నీట మునిగినా ఆ పట్టు పోతుంది. అందుకే ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గట్టిగా ఉన్న దారి ఎండాకాలంలో చక్రాన్ని మింగేస్తుంది. అలలు అందని ఎండు ఇసుక భాగం నడపడానికి కష్టమైనది మాత్రమే కాదు, జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పూడ్చి పోయేది కూడా ఆ భాగంలోనే. చక్రాల బరువు ఆ గూళ్ల మీద పడటం, చక్రాలు చేసిన గాడుల్లో చిక్కి తాబేలు పిల్లలు సముద్రాన్ని చేరలేకపోవడం నిజంగా జరిగే నష్టాలు కాబట్టి, ఆ నెలల్లో బండిని ఎండు ఇసుక మీదికి అసలు తీసుకుపోకూడదు.

బలాన్ని కాదు, జోరును ఆపేది

కార్యాలయాల్లో తలుపు పైన అమర్చే డోర్ క్లోజర్‌ను గమనించనివారు ఉండరు. తలుపును మెల్లగా తోస్తే అది ఎదురు చెప్పకుండా కదులుతుంది. కోపంతో విసిరి కొట్టబోతే మాత్రం ఏదో అదృశ్య హస్తం పట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. మందు లేని సిరంజిలో నీళ్లు నింపి చూసినా ఇదే అనుభవం కలుగుతుంది. పిడిని మెల్లగా నొక్కితే నీళ్లు సులువుగా కారతాయి. ఒక్కసారిగా నొక్కితే బొటనవేలు నొప్పి పుడుతుంది. సన్నని దారిలోంచి ద్రవాన్ని పంపేటప్పుడు ఎదురయ్యే అడ్డు, ఆ ద్రవం ఎంత వేగంగా పోవలసి వస్తుందో దానిని బట్టి పెరుగుతుంది. చిన్న రంధ్రం విషయంలో వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది.

స్టీరింగ్ డంపర్‌లో జరిగేదంతా వేగంతో పాటు అడ్డు పెరిగే ఈ ఒక్క గుణంలోనే ఉంది. డర్ట్ బైకులకు ఎక్కువగా వాడే రకంలో అర్ధచంద్రాకారపు గది నిండా నూనె ఉంటుంది, ఆ గదిని రెండు భాగాలు చేస్తూ ఒక రెక్క ఉంటుంది. డబ్బా హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది, రెక్కకు కలిపిన చిన్న చెయ్యి మాత్రం బండి ఛాసిస్‌కు బిగించిన పిన్నును పట్టుకుని కదలకుండా ఉంటుంది. హ్యాండిల్ తిరిగినప్పుడు రెక్కకు ఒక పక్కన ఉన్న నూనె రెండో పక్కకు పోవాలి, పోవడానికి దానికి ఉన్నది ఒక సన్నని దారే. మలుపులో హ్యాండిల్‌ను నిదానంగా తిప్పే మనిషికి నూనె దారి ఇస్తుంది. రాయి గాని ఇసుక గడ్డ గాని క్షణంలో విసిరికొట్టబోతే ఆ దారి చాలక నూనె అడ్డంపడుతుంది. డంపర్ బలానికి ఎదురు నిలవదు, జోరుకు ఎదురు నిలుస్తుంది. మనిషి చేసే పనులు నిదానం, నేల చేసే పనులు జోరు. ఈ రెండింటినీ విడదీసి ఒకదానిని వదిలి మరొకదానిని పట్టుకోవడమే దాని నేర్పు. గుర్రానికి కళ్లెం నడకను ఆపకుండా దూకుడును ఆపినట్టు పనిచేసే ఈ పరికరాన్ని తెలుగులో ఊపుకళ్లెం అనడం సబబుగా ఉంటుంది.

ఈ ఆలోచనకు ముందు మరొక ఆలోచన చాలాకాలం అమలులో ఉంది. 1955 నుంచి మద్రాసులో తయారైన పాత బుల్లెట్లలోను, 1961 నుంచి మైసూరులో తయారైన జావాల్లోను హ్యాండిల్ నడుమ ఒక గుండ్రని మర కనిపించేది. దానిని తిప్పితే హ్యాండిల్ ఇరుసు దగ్గర ఉన్న బిళ్లలు ఒకదానినొకటి ఒత్తుకుని, ఆ రాపిడి వల్ల హ్యాండిల్ బిగుసుకునేది; పక్కన సైడ్‌కారు తగిలించుకున్నవారికి అది బాగా పనికివచ్చేది. అయితే ఎండు రాపిడికి జోరు, నిదానం అన్న తేడా అంతగా తెలియదు. వణుకును ఆపేటంత బిగిస్తే మలుపు తిరగడం కూడా కష్టమవుతుంది, మలుపుకు వీలుగా వదిలేస్తే వణుకు ఆగదు. నూనె ఆ తేడాను గుర్తిస్తుంది కాబట్టే ఎండు రాపిడి డంపర్లు క్రమంగా కనుమరుగయ్యాయి. నూనెలో రెక్క తిరిగే ఏర్పాటు కూడా కొత్తదేమీ కాదు. ఫ్రాన్సుకు చెందిన మారిస్ ఊదాయ్ 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లోనే కార్ల కుదుపులు తగ్గించడానికి ఇటువంటి రెక్క సాధనాన్ని రూపొందించాడు. ఇప్పుడు స్వీడన్‌లోని ఓలిన్స్ వంటి సంస్థలు మోటారుసైకిల్ హ్యాండిల్ కోసం చేస్తున్నవాటిలో కొన్ని ఆ పాత ఆలోచనకు మనుమలే.

మంచి డంపర్లలో ఇంకొక సౌకర్యం కూడా ఉంటుంది. నూనె దారిలో ఒక పక్కన తెరుచుకుని మూసుకునే చిన్న కవాటం అమర్చి, హ్యాండిల్ మధ్య నుంచి పక్కకు పోయేటప్పుడు మాత్రమే అడ్డు తగిలేలా, పక్క నుంచి మధ్యకు వచ్చేటప్పుడు నూనె ధారాళంగా పోయేలా చేస్తారు. చెడ్డ దారికి పోబోయే పిల్లవాడిని ఆపి, ఇంటికి వచ్చేటప్పుడు తలుపు తెరిచి ఉంచినట్టు ఇది పనిచేస్తుంది. మలుపు తిరిగాక హ్యాండిల్ తిన్నగా రావడానికి చక్రానికి ఉన్న సహజ గుణాన్ని డంపర్ చెడగొట్టకుండా ఉండటం ఈ ఏర్పాటు వల్లే వీలవుతుంది. దెబ్బ మరీ పెద్దదైనప్పుడు తెరుచుకుని ఒత్తిడిని తగ్గించే మరొక కవాటం కూడా కొన్నింటిలో ఉంటుంది.

ఆపిన ఊపు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు సమాధానం డబ్బాను తాకి చూస్తే తెలుస్తుంది. ఊపులోని శక్తి అంతా వేడిగా మారి నూనెలోకి, అక్కడి నుంచి లోహపు డబ్బాలోకి పోతుంది. చలికాలం ఉదయం గడ్డకట్టిన కొబ్బరి నూనె సీసా మధ్యాహ్నానికి నీళ్లలా కారినట్టు, వేడెక్కిన నూనె పలచబడి అడ్డు తగ్గిపోతుంది. ఎక్కువ దూరం ఇసుకలో నడిచాక డంపర్ మెత్తబడ్డట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. తయారీదారులు మామూలు ఇంజన్ ఆయిల్ పోయవద్దని, వేడికి జిగట అంతగా మారని నూనెనే వాడాలని చెప్పేది ఇందుకే.

ఈ పరికరం విలువ ఎడారిలోనే బాగా తెలిసింది. 1978 డిసెంబరులో పారిస్ నుంచి మొదలైన డకార్ రాలీ 2020 నుంచి సౌదీ అరేబియా ఇసుక మీద జరుగుతోంది. 2015లో ఆ రాలీ పూర్తి చేసిన మొదటి భారతీయ మోటారుసైకిల్ రైడర్‌గా బెంగళూరు వాసి సి.ఎస్. సంతోష్ నిలిచాడు, 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా రాలీ 2 తరగతిలో మొదటి స్థానం సాధించాడు. రోజుకు వందల కిలోమీటర్లు ఇసుకలో నిలబడి నడపవలసిన అటువంటి పందెంలో డంపర్ ఆదా చేసేది ప్రధానంగా ముంజేతి కండరాలను. ప్రతి కుదుపునూ చేతులే మింగవలసి వస్తే కొద్ది గంటల్లో ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి వేళ్లు క్లచ్ పట్టలేని స్థితికి వస్తాయి.

బిగించే పని

ఈ పనిలో మొదటి మెట్టు డంపర్‌ను పెట్టెలోనే ఉంచి బండిని పరీక్షించడం. బండిని స్టాండు మీద నిలబెట్టి, ఇంజను కింద దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాలి. ఫోర్కుల కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు వెనక్కి లాగితే టక్కుమన్న చప్పుడు గాని, చిన్న కదలిక గాని వస్తే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ ఇరుసు తిరిగే బేరింగుల జత, వదులైందని అర్థం. తర్వాత హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా ఒక చివరి నుంచి మరొక చివరికి తిప్పాలి; సరిగ్గా నడుమ ఎక్కడో గాడిలో పడ్డట్టు ఆగిందంటే కోన్‌సెట్‌లోని గోళీలు తిరిగే దారిలో గుంటలు పడ్డాయన్నమాట. ముందు చక్రం రిమ్ బెండు, వదులు స్పోకులు, అరిగిపోయిన టైరు, రెండు ఫోర్కులలో ఎక్కువ తక్కువగా ఉన్న నూనె కూడా వణుకు తెప్పించేవే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డంపర్ దానిని బాగుచేయదు, కప్పిపెడుతుంది. జ్వరాన్ని మాత్రతో దించి రోగాన్ని అలాగే వదిలేసినవాడికి అసలు జబ్బు ముదిరాక తెలిసినట్టు, కప్పిపెట్టిన కోన్‌సెట్ లోపం వేగంలో ఉన్నప్పుడు బయటపడుతుంది.

బండి ఆరోగ్యంగా ఉందని తేలాక హ్యాండిల్ బార్ ఏ వాలులో ఉందో గుర్తు పెట్టుకుని దానిని విప్పి, ఇరుసు పైనున్న పెద్ద నట్టును తీస్తారు. డంపర్ పీఠం సాధారణంగా ఫోర్కులను పైన పట్టి ఉంచే క్లాంపు మీద కూర్చుంటుంది; కొన్ని రకాల్లో హ్యాండిల్ కిందికి వస్తుంది కనుక హ్యాండిల్ ఒక అంగుళం దాకా పైకి లేస్తుంది, అప్పుడు కేబుళ్ల పొడవు చాలుతుందో లేదో చూసుకోవాలి. నట్టును మళ్లీ బిగించేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు. ఆ నట్టు బిగువు కోన్‌సెట్ మీద కూడా పడుతుంది కాబట్టి పెద్ద పానాతో ఒళ్లు బలమంతా పెట్టి బిగిస్తే గోళీలు నలిగి, డంపర్ లేకుండానే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఆ బరువును డంపర్ పనితనంగా పొరబడేవారు కూడా ఉన్నారు. తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

కదలని పిన్ను ఎక్కడ నిలబెట్టాలన్నది ఇంతకన్నా జాగ్రత్తగా చేయవలసిన పని. అది ఇరుసు గొట్టానికి వెనక, టాంకుకు ముందు, ఛాసిస్ మీద నిలబడాలి. బండి మోడలుకు తగిన క్లాంపు దొరికితే సరి, దొరకనప్పుడు లేత్ షాపులో చేయించుకునేవారు ఉన్నారు. అటువంటప్పుడు ఇరుసు గొట్టానికి వెల్డింగు పెట్టించడం మాత్రం మానుకోవాలి. బండి మొత్తంలో దెబ్బలన్నీ వచ్చి పడే చోటు అదే, వెల్డింగు వేడికి అక్కడి లోహం గుణం మారితే పగులు ఎప్పుడు వస్తుందో కంటికి కనిపించదు. బోల్టులతో బిగించే పట్టీ రకం క్లాంపు చాలు. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు డంపర్ చెయ్యి కూడా తిన్నగా వెనక్కి చూస్తూ పిన్నును పట్టాలి. ఒకటి రెండు డిగ్రీలు పక్కకు ఉన్నా కుడికి ఒక రకంగా, ఎడమకు మరొక రకంగా అడ్డు తగిలి, బండి ఎప్పుడూ ఒక పక్కకు పోతున్నట్టు అనిపిస్తుంది. చెయ్యి గాడిలో పిన్ను పైకీ కిందికీ కాస్త కదలవచ్చు, పక్కలకు మాత్రం కదలకూడదు; పక్కకు ఉన్న ప్రతి మిల్లీమీటరూ డంపర్ మేల్కొనే లోపు హ్యాండిల్ స్వేచ్ఛగా ఊగే జాగా అవుతుంది.

ఇదంతా అయ్యాక, చక్రం ఇంకా గాలిలో ఉండగానే, హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకు తిప్పి చూడాలి. రెండు పక్కలా ఫోర్కు ఛాసిస్ మీద ఉన్న ఆపుగడను తాకి ఆగాలే తప్ప డంపర్ లోపలి రెక్క గోడను తాకి ఆగకూడదు. అలా ఆగితే బండి పడ్డప్పుడు దెబ్బంతా ఆ సన్నని రెక్క మీదే పడుతుంది. బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్, తాళంచెవి, టాంకు అంచు ఏవీ అడ్డురాకూడదు. ఇంజను వేసి హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పినప్పుడు ఇంజను వేగం తనంతట పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. చూడకుండా వదిలేస్తే ప్రాణాంతకమైన లోపం అది. రోడ్డు మీద నడిపే బండి అయితే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనం నిర్మాణంలో మార్పులకు హద్దులు పెట్టిందని గుర్తుంచుకుని రవాణా కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

అడ్డును పెంచే తగ్గించే మరను తయారీదారులు క్లిక్కులుగా విభజిస్తారు. మొదటిరోజు దానిని పూర్తిగా మెత్తగా ఉంచి, తెలిసిన దారిలో నెమ్మదిగా నడిపి, రెండేసి క్లిక్కుల చొప్పున పెంచుకుంటూ పోవాలి. గట్టిగా పెట్టినకొద్దీ భద్రత పెరుగుతుందనుకోవడం తప్పు. నెమ్మదిగా పోతున్న బండి నిలువుగా ఉండటానికి హ్యాండిల్ అటూ ఇటూ చిన్న చిన్న సవరణలు నిరంతరం చేసుకుంటూ ఉంటుంది, మరీ బిగించిన డంపర్ ఆ సవరణలను కూడా ఆపేసి బండిని తాగినవాడిలా తూలేటట్టు చేస్తుంది. రొయ్యల గుంటల గట్ల మీద నడిచే వేగంతో పోవలసిన చోట ఇది మరీ ప్రమాదం.

ఉప్పు, సిలికా

నెల్లూరు తీరంలో డంపర్‌కు వచ్చే కష్టాలు ఎడారి దేశాల్లో వచ్చేవాటికన్నా ఒక రకంగా ఎక్కువ. ఇక్కడికి దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల పరిసరాల్లో గాజు పరిశ్రమకు పనికివచ్చే తెల్ల సిలికా ఇసుక మేటలున్నాయి; సిలికా అంటే క్వార్ట్జ్, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 7, మామూలు ఇనుము కన్నా చాలా ఎక్కువ. డంపర్ ఇరుసు బయటికి వచ్చే చోట రబ్బరు ఆయిల్ సీలు ఒకటి ఉంటుంది. దాని పెదవి మీద కొద్దిగా నూనె తడి ఉండి, ఆ తడికి ఎగిరివచ్చిన రేణువు అంటుకుని, హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ ఇరుసును సానపట్టినట్టు గీరుతుంది. గీత పడ్డాక నూనె ఆ గీత వెంట బయటికి వస్తుంది, బయటికి వచ్చిన నూనె మరిన్ని రేణువులను పట్టుకుంటుంది. ఇసుకను నీటి పైపుతో జోరుగా కొట్టి కడిగితే రేణువు సీలు లోపలికే పోతుంది కాబట్టి తడిగుడ్డతో, మెత్తటి కుంచెతో తుడవడం మేలు.

సముద్రపు గాలిలోని ఉప్పు చేసే పని నిశ్శబ్దంగా జరుగుతుంది. డంపర్ పీఠం అల్యూమినియం, దానిని పట్టి ఉంచే బోల్టులు ఉక్కు. ఉప్పు తడి తగిలిన ఈ రెండు లోహాల జత ఒక చిన్న బ్యాటరీలా మారి, అందులో అల్యూమినియం కొంచెం కొంచెంగా తెల్లటి పొడిగా రాలిపోతుంది. బోల్టు విప్పబోతే మరతో సహా ఊడివచ్చే పీఠాలు ఇలాంటివే. బిగించేటప్పుడే మరలకు గ్రీజు రాయడం, తీరం నుంచి వచ్చిన రోజే మంచినీటితో తుడవడం ఈ బ్యాటరీని పనిచేయకుండా ఉంచుతాయి.

లోపలి నూనె సంగతి విప్పి చూడకుండానే తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, హ్యాండిల్ చివర రెండు వేళ్లు ఆనించి మెల్లగా తోయాలి. ఆపైన అదే దూరం ఒక్క ఉదుటున తోయాలి. మొదటిసారి హ్యాండిల్ నీళ్లలో తెడ్డులా జారిపోయి, రెండోసారి తేనెలో గరిటెలా మొండికేస్తే నూనె నిండుగా ఉన్నట్టే. రెండుసార్లూ ఒకేలా కదిలితే, లేదా ఉదుటున తోసినప్పుడు మొదట కాస్త ఖాళీగా పోయి ఆ తర్వాత అడ్డు తగిలితే, నూనె కారిపోయి గదిలోకి గాలి చేరిందని అర్థం. అటువంటి డంపర్‌తో ఇసుకలోకి దిగడం కన్నా దానిని విప్పి సీలు మార్చి, కొత్త నూనె పోసేదాకా అది లేకుండానే నిదానంగా నడపడం మేలు.